బంతి దారి, డ్రైవర్ తీరు

గోల్ఫ్ కొత్తగా నేర్చుకుంటున్నవారిని అన్నిటికంటే ఎక్కువగా విసిగించేది డ్రైవర్. సంచిలోని క్లబ్బులన్నిటిలోకీ పొడవైనదీ తల పెద్దదీ అయిన ఈ క్లబ్బుతో, టీ అనే చిన్న మేకు మీద నిలిపిన బంతిని శక్తికొద్దీ కొట్టినప్పుడు, అది మొదట తిన్నగానే బయలుదేరినట్టు కనిపించి, సగం దూరం వెళ్లాక కుడివైపుకు ఒరిగి, ఫెయిర్‌వే అనే పచ్చిక బాటను దాటిపోయి చెట్ల మధ్య పడుతుంది. కుడిచేతివాటం ఆటగాడికి సంబంధించి ఈ కుడి వంపును స్లైస్ అనీ, ఎడమకు బలంగా తిరిగే వంపును హుక్ అనీ అంటారు. అదుపులో ఉన్న చిన్న వంపులకు వరుసగా ఫేడ్, డ్రా అని పేర్లు. వరసగా నాలుగు ఆదివారాలు స్లైస్ తప్పనప్పుడు ఆటగాడు ఏం చేస్తాడు? దోషం చేతిలోని వస్తువుదేనని తేల్చుకుని, ప్రకటనల్లో చూసిన ఖరీదైన డ్రైవర్ కొంటాడు. కొత్త ఉత్సాహం ఉన్నన్నాళ్లు బంతి మాట వింటుంది, ఆ తరువాత పాత వంపే తిరిగి వస్తుంది.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో నివసించే ఆటగాడికి ఈ చిక్కు మరికొంత ఎక్కువ. ఈ మూడు పేటల చుట్టుపక్కల గ్రంథాలయం ఉంది, కోచింగ్ సెంటర్లున్నాయి, సినిమా హాళ్లున్నాయి, మెట్రో స్టేషన్లున్నాయి గానీ గోల్ఫ్ ఆడదగిన జాగా మాత్రం లేదు. హతియాన్ కా ఝాడ్ అని పిలిచే బ్రహ్మాండమైన పాత బావోబాబ్ చెట్టున్న గోల్కొండ నయాఖిల్లా దగ్గరి హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సుకో, పీటర్ హరడీన్ రూపకల్పన చేసిన గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌కో వెళ్లాలంటే నగరాన్ని అడ్డంగా దాటాలి. వారానికి ఒక పూట మాత్రమే బంతిని కొట్టగలిగినవాడు ఆ పూటను గుడ్డి ప్రయోగాలకు ఖర్చు చేయకూడదు. డ్రైవర్‌లో ఏ భాగం బంతిని ఏం చేస్తుందో తెలిసి ఉంటే, మిగిలిన ఆరు రోజుల్లో ఇంట్లోనే చాలా పని పూర్తవుతుంది.

సిద్ధాంతం ఇక్కడ రెండు మాటలు చాలు. బంతి, డ్రైవర్ ఫేస్, అంటే క్లబ్ తలలో బంతిని తాకే ముందు పలక, ఒకదానినొకటి అంటి ఉండేది సెకనులో దాదాపు రెండు వేలవ వంతు కాలం మాత్రమే; ఆ లోపలే బంతి వేగం, బయలుదేరే దిశ, లేచే కోణం, తిరుగుడు అన్నీ నిర్ణయమైపోతాయి. వెనక్కి తిరుగుతూ ఎగిరే బంతిని గాలి పైకి మోస్తుంది, ఆ తిరుగుడు అక్షం ఒక పక్కకు ఒరిగితే బంతి కూడా ఆ పక్కకే వంగుతుంది. ఇక చేయవలసిన పనులు చూడవచ్చు.

1. బంతి ఫేస్ మీద ఎక్కడ తగులుతున్నదో మొదట తెలుసుకోవాలి

ఈ ఒక్క పని చేయకుండా కొన్న డ్రైవర్లే అల్మారాల్లో ఎక్కువ. దీనికి కావలసింది అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ ఏ స్టేషనరీ దుకాణంలోనైనా దొరికే వైట్‌బోర్డు మార్కరు. బంతి వెనుక భాగాన రూపాయి బిళ్లంత చుక్క పెట్టి, ఆ చుక్క ఫేస్ వైపు ఉండేలా టీ మీద నిలిపి కొడితే, ఫేస్ మీద మచ్చ పడుతుంది. పొడి గుడ్డతో తుడిస్తే పోతుంది. పది బంతులు కొట్టి, ప్రతి మచ్చను ఫోన్‌లో ఫోటో తీసుకోవాలి. తొందరలో పర్మనెంట్ మార్కరు వాడినవారు ఆ తరువాత స్పిరిట్ కోసం మందుల దుకాణానికి పరుగెత్తవలసి వస్తుంది.

మచ్చ చోటుకు ఇంత ప్రాధాన్యం ఎందుకు? డ్రైవర్ తల లోపల బోలుగా ఉంటుంది, దాని గరిమనాభి, అంటే బరువంతా కేంద్రీకృతమైనట్టు లెక్కించే బిందువు, ఫేస్‌కు మూడు నాలుగు సెంటీమీటర్ల వెనుక ఉంటుంది. బంతి ఫేస్ నడుమ తగలక టో వైపు, అంటే ఆటగాడికి దూరంగా ఉండే కొన వైపు తగిలితే, ఆ దెబ్బకు తల గరిమనాభి చుట్టూ కొద్దిగా తెరుచుకుంటూ తిరుగుతుంది, బంతి దానికి వ్యతిరేక దిశలో తిరుగుతుంది. నారాయణగూడ రోడ్ల మీద చెరుకు రసం మిషన్‌ను గమనించినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: పళ్లు కలిసిన రెండు చక్రాల్లో ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరగక తప్పదు. గోల్ఫ్‌లో దీన్ని గేర్ ఎఫెక్ట్ అంటారు. దీని ఫలితంగా టో మీద తగిలిన బంతికి ఎడమకు వంగే గుణం, హీల్ మీద, అంటే క్లబ్ కాడ కలిసే వైపు తగిలిన బంతికి కుడికి వంగే గుణం వస్తుంది. నిలువునా కూడా ఇదే జరుగుతుంది; ఫేస్ పైభాగాన తగిలిన బంతికి వెనక తిరుగుడు తగ్గి, అది ఎత్తుగా లేచి ముందుకు సాగుతుంది, కిందిభాగాన తగిలిన బంతి తిరుగుడు పెరిగి గాలిలో పైపైకి లేచి దూరం పోగొట్టుకుంటుంది.

డ్రైవర్ ఫేస్‌ను పక్క నుంచి చూస్తే అది బల్లపరుపుగా ఉండదు, కొద్దిగా ఉబ్బి ఉంటుంది. అడ్డంగా ఉండే ఈ ఉబ్బును బల్జ్ అనీ, నిలువుగా ఉండేదాన్ని రోల్ అనీ అంటారు. టో మీద తగిలిన బంతి ఎడమకు వంగుతుందని తయారీదారుకు ముందే తెలుసు కనుక, అక్కడ ఫేస్ కొద్దిగా కుడివైపు చూసేలా ఉబ్బు పెడతాడు; బంతి కుడికి బయలుదేరి, ఎడమకు వంగుతూ నడుమకు చేరుతుంది. కొయ్య డ్రైవర్ల కాలం నుంచీ ఉన్న ఈ చిన్న ఉపాయం చేసిన మేలు, ఆ తరువాత వచ్చిన రంగురంగుల ఆర్భాటాలలో చాలా వాటికంటే ఎక్కువ.

ఒక సందర్భం తీసుకుంటే, చిక్కడపల్లిలోని ఒక విశ్రాంత ఇంజినీరు తన బంతి ఎప్పుడూ కుడికే పోతున్నదని డ్రైవర్ మార్చదలిచాడని అనుకుందాం. పది మచ్చల్లో ఏడు హీల్ వైపే ఉన్నాయి. ఆయన స్లైస్‌లో కొంత భాగం గేర్ ఎఫెక్ట్ పుట్టించినదే, దానికి మందు బంతికి అర అంగుళం దూరంగా నిలబడి చూడడం. ఖర్చు సున్నా. మచ్చలు అన్నీ నడుమనే ఉండి కూడా బంతి కుడికి వంగుతుంటే, అప్పుడు రెండో పనికి రావాలి.

2. ఫేస్ ఎటు చూస్తున్నదో, క్లబ్ ఎటు పోతున్నదో విడివిడిగా గమనించాలి

డ్రైవర్‌తో కొట్టిన బంతి బయలుదేరే దిశను ప్రధానంగా నిర్ణయించేది, తాకిన క్షణంలో ఫేస్ చూస్తున్న దిశ. క్లబ్ తల ప్రయాణించే దారి, అంటే పాత్, వాటా అందులో స్వల్పం. ఈ రెండింటి మధ్య తేడాయే వంపును పుట్టిస్తుంది. ఫేస్ పాత్‌కు కుడివైపు చూస్తుంటే బంతి కుడికి, ఎడమవైపు చూస్తుంటే ఎడమకు వంగుతుంది. బంతి పాత్ వెంట బయలుదేరి ఫేస్ వైపుకు వంగుతుందన్న పాత పాఠం ఇప్పటికీ కొందరి నోట వినిపిస్తుంది గానీ, రాడార్ కొలతలు వచ్చాక అది నిలబడలేదు.

ఒక్క డిగ్రీ తప్పు ఎంత? బంతి ఒక డిగ్రీ పక్కకు బయలుదేరితే 200 గజాల దగ్గర లక్ష్యానికి మూడున్నర గజాలు తొలగిపోతుంది; నాలుగు డిగ్రీలైతే 14 గజాలు, దాని మీద వంపు అదనం. ఏ దుకాణంలో అమ్మే డ్రైవరూ చేతి మణికట్టు తెచ్చే నాలుగు డిగ్రీల తప్పును పూర్తిగా మింగేయలేదు. అందువల్ల ఇంటి మేడ మీద, బంతి లేకుండా, ఫోన్‌ను వెనుక నిలబెట్టి నెమ్మది వీడియో తీసుకుని చూసుకోవడం ఉత్తమం. ఇరుకు సందుల మేడల మీద నిజమైన బంతి కొట్టాలన్న ఆలోచనే పనికిరాదు. గదిలో తిప్పాలనుకునేవారు ముందు పైన ఫ్యానును చూసుకోవాలి. సుమారు 45 అంగుళాల క్లబ్బుకు చేతుల పొడవు తోడైతే మామూలు గది కప్పు సరిపోదు.

3. లాఫ్ట్ ఎక్కువ ఉన్న డ్రైవర్‌ను చూసి చిన్నబుచ్చుకోకూడదు

లాఫ్ట్ అంటే ఫేస్ వెనక్కి వాలి ఉండే కోణం. డ్రైవర్లలో ఇది సాధారణంగా 8 నుంచి 13 డిగ్రీల వరకు ఉంటుంది. తక్కువ లాఫ్ట్ ఉన్నదే అసలైన ఆటగాళ్ల డ్రైవర్ అన్న భ్రమ మన క్లబ్బుల్లో బలంగా పాతుకుని ఉంది, 9 అంకె కనబడితే గౌరవం, 12 కనబడితే చులకన. కొత్త ఆటగాళ్ల స్లైస్‌ను పెంచే కొనుగోలు ఇంతకు మించినది లేదు.

కారణం లెక్కలోనే ఉంది. ఫేస్ పైకి చూసే కోణానికీ, క్లబ్ తల ప్రయాణించే కోణానికీ మధ్య తేడాను స్పిన్ లాఫ్ట్ అంటారు. ఫేస్, పాత్‌ల మధ్య నాలుగు డిగ్రీల తప్పు ఉన్న ఆటగాడి స్పిన్ లాఫ్ట్ 12 డిగ్రీలైతే బంతి తిరుగుడు అక్షం సుమారు 18 డిగ్రీలు ఒరుగుతుంది, అదే తప్పుతో స్పిన్ లాఫ్ట్ 16 డిగ్రీలైతే ఒరిగేది సుమారు 14 డిగ్రీలే. చేతి తప్పు మారలేదు, వంపు తగ్గింది. లాఫ్ట్ ఎక్కువగా ఉండే ఏడో నంబరు ఐరన్ అనే క్లబ్బుతో బంతిని తిన్నగా కొట్టేవాడే డ్రైవర్ పట్టగానే అడవుల పాలు కావడానికి ఒక కారణం ఇదే.

అయితే బంతి మరీ ఎత్తుకు లేచి కొట్టిన చోటికి దగ్గరలోనే పడుతున్నదని ఫిర్యాదు చేసేవారి మాటేమిటి? వారిలో చాలామంది క్లబ్బును కిందికి దించుతూ కొడుతుంటారు, లేదా మచ్చ ఫేస్ కిందిభాగాన ఉంటుంది. అందువల్ల పెరిగిన తిరుగుడును లాఫ్ట్ నెత్తిన రుద్దుతారు. టీ మీద బంతిలో సగం డ్రైవర్ తల పైఅంచు కంటే ఎత్తున కనిపించేలా నిలిపి, బంతిని ఎడమ మడమకు ఎదురుగా ఉంచి, క్లబ్ పైకి లేస్తున్నప్పుడు తగిలేలా చూసుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. కొన్నేళ్ల కిందటి ట్రాక్‌మ్యాన్ రాడార్ సగటుల ప్రకారం అమెరికా పురుష వృత్తి ఆటగాళ్ల పీజీఏ టూర్‌లో క్లబ్ వేగం గంటకు సుమారు 113 మైళ్లు, బంతి లేచే కోణం దాదాపు 11 డిగ్రీలు; మహిళల టూర్‌లో వేగం సుమారు 94 మైళ్లు, లేచే కోణం దాదాపు 13 డిగ్రీలు. వేగం తగ్గినప్పుడు బంతి ఎక్కువ కోణంలో లేవాలన్నది అక్కడి సగటులే చెబుతుండగా, వారాంతపు ఆటగాడు 9 డిగ్రీల మీద మోజు పడడం దేనికి? గంటకు 90 మైళ్ల లోపు వేగం ఉన్నవారు పదిన్నర నుంచి పన్నెండు వరకు చూడడం మేలు.

4. బరువు తలలో ఏ మూల ఉందో అడిగి తెలుసుకోవాలి

1991లో కాలవే సంస్థ బిగ్ బెర్తా తెచ్చినప్పుడు దాని తల సుమారు 190 ఘన సెంటీమీటర్లు, అప్పటికి అది చాలా పెద్దది. ఇప్పటి నియమాల ప్రకారం గరిష్ఠ పరిమాణం 460 ఘన సెంటీమీటర్లు, మార్కెట్‌లో ఎక్కువ భాగం డ్రైవర్లు ఆ హద్దు దగ్గరే ఆగాయి. ఫేస్ బంతిని ఎంత బలంగా విసరవచ్చునన్నదానికీ నియమం ఉంది. కాబట్టి నడుమ తగిలిన దెబ్బలో ఒక సక్రమమైన డ్రైవర్‌కూ మరొకదానికీ దూరంలో తేడా ప్రకటనలు చెప్పినంత ఉండదు. తేడా అంతా నడుమ తప్పిన దెబ్బల్లో ఉంది. బరువును తల వెనుకకూ అంచులకూ నెట్టితే, పక్కన తగిలినప్పుడు తల తక్కువగా తిరుగుతుంది, బంతి వేగం అంతగా పడిపోదు. ఈ తిరగకుండా నిలిచే గుణాన్ని జడత్వ భ్రామకం, దుకాణం భాషలో ఎంఓఐ అంటారు. బరువును ముందుకు తెచ్చిన డ్రైవర్లలో తిరుగుడు తగ్గుతుంది, కానీ అవి తప్పును క్షమించవు. మచ్చలు ఫేస్ నిండా చెదిరి ఉన్నవారికి మొదటి రకమే సరైనది.

బరువును హీల్ వైపు చేర్చిన డ్రా బయాస్ డ్రైవర్లు కూడా ఉన్నాయి. వీటితో ఫేస్ కొద్దిగా సులువుగా మూసుకుంటుంది, బంతి కొన్ని గజాలు ఎడమకు జరుగుతుంది. ముప్పై గజాల స్లైస్‌ను ఇవి తుడిచిపెడతాయని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు.

వంపును పూర్తిగా పోగొట్టుకోవాలన్న పట్టుదల కూడా అవసరమా అన్నది ఆలోచించదగిన ప్రశ్న. హైదరాబాద్ మూలాలున్న కుటుంబంలో 1997లో కాలిఫోర్నియాలో పుట్టిన వృత్తి ఆటగాడు సాహిత్ తీగల, టీ మీద నుంచి కుడికి వంగే బంతికి పేరుపడినవాడే. 2023లో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి పీజీఏ టూర్‌లో తొలి విజయం అందుకున్నాడు. ఎటు వంగుతుందో ముందే తెలిసిన బంతి ఆటగాడికి ఆస్తి. ఎటు వంగుతుందో తెలియనిదే అప్పు. అదే సాహిత్ 2022లో ఫీనిక్స్ ఓపెన్ చివరి రోజు ఆధిక్యం కోసం పోరాడుతూ పదిహేడో హోల్‌లో కొట్టిన బంతి నేలను తాకి ఎడమకు ఎగిరి నీళ్లలో పడింది. నేల తాకిన తరువాత జరిగేదానికి డ్రైవర్ బాధ్యత వహించదు.

5. షాఫ్ట్ కొనడానికి ముందు గ్రిప్ కిందికి దించి చూడాలి

షాఫ్ట్, అంటే క్లబ్ కాడ, గట్టిదనం గురించి దుకాణాల్లో గంటల కొద్దీ చర్చ జరుగుతుంది. కొత్త ఆటగాడికి దానికంటే పొడవు ముఖ్యం. పొడవు పెరిగితే వేగం కొంత పెరుగుతుంది, బంతి ఫేస్ నడుమ తగిలే అవకాశం తగ్గుతుంది. క్లబ్బును ఒక అంగుళం కిందికి పట్టుకుని మళ్లీ పది మచ్చలు తీసుకుంటే సరిపోతుంది. మచ్చలు నడుమకు చేరితే, పొట్టి షాఫ్ట్ వైపు ఆలోచించవచ్చు. షాఫ్ట్‌ను ఊరికే కోయించడం పొరపాటు, ఎందుకంటే తల బరువు తేలికైనట్టు తోచి స్వింగ్ లయ మారిపోతుంది.

6. తాళం తిప్పే ముందు ఏది మారుతుందో తెలియాలి

ఇప్పటి డ్రైవర్లలో షాఫ్ట్ తలను కలిసే చోట చిన్న రెంచితో తాళంలా తిప్పి లాఫ్ట్ మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. చాలా నమూనాల్లో లాఫ్ట్ పెంచితే ఫేస్ కొద్దిగా ఎడమకు మూసుకుంటుంది, తగ్గిస్తే కుడికి తెరుచుకుంటుంది. స్లైస్ పడే ఆటగాడు బంతి ఎత్తు తగ్గించుకోవాలని లాఫ్ట్ దించితే, తెలియకుండానే స్లైస్‌కు దారి తెరిచినట్టే. మార్పు చేసినప్పుడు ఒక్కటే చేసి, పది బంతులు కొట్టి, అప్పుడు రెండోదానికి వెళ్లాలి. ఒక రౌండ్ నడుస్తుండగా క్లబ్ పనితీరు మారేలా ఈ తాళం తిప్పడం నియమాలకు విరుద్ధం.

7. కొత్త డ్రైవర్‌ను వాతావరణం మెచ్చుకునేలా చేయకూడదు

డిసెంబరు ఉదయం పాత డ్రైవర్‌తో కొట్టిన దూరాన్ని, మే నెల మధ్యాహ్నం కొత్త డ్రైవర్‌తో కొట్టిన దూరంతో పోల్చి, తేడానంతా కొత్తదాని ఖాతాలో వేసేవారు తక్కువ కాదు. 15 డిగ్రీల చలిలో కంటే 40 డిగ్రీల ఎండలో గాలి సాంద్రత దాదాపు ఎనిమిది శాతం తక్కువ, పైగా ఎండిన నేల మీద బంతి ఎక్కువ దూరం దొర్లుతుంది. తడిగాలి బరువైనదని, అందులో బంతి ఆగిపోతుందని అనుకోవడం కూడా పొరపాటే. నీటి ఆవిరి గాలి కంటే తేలిక కనుక, అదే ఉష్ణోగ్రత దగ్గర తేమ గాలి స్వల్పంగా తేలికగానే ఉంటుంది. వానాకాలంలో దూరం తగ్గేది తడిసిన నేల మీద బంతి దొర్లకపోవడం వల్ల, తడిసిన ఫేస్ వల్ల. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, ఇక్కడ 200 గజాలు గాలిలో ప్రయాణించే దెబ్బ విశాఖపట్నం ఈస్ట్ పాయింట్ కోర్సులో నాలుగైదు గజాలు తక్కువ పడితే అక్కడ డ్రైవర్‌ను తిట్టవలసిన పని లేదు.

కొనడానికి నిశ్చయించుకున్నవారు పాత డ్రైవర్‌ను వెంట తీసుకువెళ్లాలి. ఒకే రోజున, ఒకే రకం బంతులతో, పాతదానితో పది, కొత్తదానితో పది, మధ్యలో మార్చి మార్చి కొట్టాలి. మొదటి పదీ ఒకదానితో కొట్టేస్తే, రెండోదాని వంతు వచ్చేసరికి ఒళ్లు వేడెక్కి దానికి అన్యాయమైన లాభం కలుగుతుంది. అన్నిటికంటే దూరం పోయిన ఒక్క బంతిని లెక్కలోకి తీసుకోకుండా, పదింటిలో ఎడమ చివరి బంతికీ కుడి చివరి బంతికీ మధ్య వెడల్పును అడుగులు వేసి కొలవాలి. ఆ వెడల్పు పాత డ్రైవర్‌కే తక్కువగా ఉంటే, డబ్బు జేబులోనే ఉంచుకుని, దానితో నాలుగు పాఠాలు ఒక మంచి కోచ్ దగ్గర చెప్పించుకోవాలి.